పాత ఉంగరం కొనేముందు దాన్ని తిరగేసి చూడండి

మీరు అడిగిన విషయాన్ని ముందు ఒకసారి గుర్తు చేసుకుందాం. 1900 ప్రాంతంలో తయారైందని చెబుతున్న ఒక ఉంగరం మీ ముందుకు అమ్మకానికి వచ్చింది. పద్దెనిమిది క్యారెట్ల బంగారం, మధ్యలో ఒక కెంపు, దాని చుట్టూ పది చిన్న వజ్రాలు, లోపలి వైపు ఒక కిరీటం గుర్తు, ఆ గుర్తు పక్కన 750 అనే అంకె ఉన్నాయన్నారు. రసీదు గాని, పరీక్షశాల నివేదిక గాని లేవు. ఇది తమ అమ్మమ్మ తల్లి ధరించిన ఉంగరమని అమ్మేవారు చెబుతున్నారు, వారం రోజుల్లో ఏదో ఒకటి తేల్చమంటున్నారు. కొనవచ్చా, ఎంతకు కొనాలి, కొన్న తరువాత వేలికి సరిపోయేలా పెద్దది చేయించవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. పాత నగలను, రత్నాలను పరీక్షించే పనిలో ముప్పై ఏళ్లకు పైగా గడిపాను కాబట్టి నాకు తెలిసినంతవరకు వివరంగానే చెబుతాను.

ఆ ఉంగరం గురించి మీకు మూడు మాటలు చెప్పారు. లోహం పద్దెనిమిది క్యారెట్లదని ఒకటి, రాయి కెంపని రెండవది, వయసు నూట పాతికేళ్లని మూడవది. ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి, ఎందుకంటే ఒకదానికి మరొకటి సాక్ష్యం కాదు. బంగారం మేలైనదని తేలగానే రాయి మీద కూడా నమ్మకం కలగడం మనసు చేసే సహజమైన పొరపాటు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలయ్యాయి. నిజమైన బంగారంలో గాజును పొదగడానికి ఏ ఆటంకమూ లేదు, నూరేళ్ల నాటి ఉంగరంలో పదేళ్ల కిందటి రాయిని బిగించడానికీ లేదు.

ముందుగా ముద్ర సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు రాసిన వివరాల్లో నన్ను ఆపింది అదే. కిరీటం, 750 అనే రెండు గుర్తులు కలిసి కనిపించే సందర్భాలు ముఖ్యంగా రెండున్నాయి. బ్రిటన్‌లో పద్దెనిమిది క్యారెట్ల బంగారానికి కిరీటం వేసేవారు, కాని 1974 చివరి వరకు దాని పక్కన ఉండే అంకె 18. చట్టం మారి 1975 జనవరి నుంచి 18 స్థానంలో, వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారమని తెలిపే 750 వచ్చింది. కాబట్టి మీ ఉంగరం మీద ఉన్నది బ్రిటిష్ ముద్రే అయితే, ఆ ముద్ర 1900లో వేసింది కాజాలదు. పాత ఉంగరానికే ఎప్పుడో తరువాత ముద్ర వేయించి ఉండవచ్చు గాని, అప్పుడు ఆ ముద్ర దాని వయసుకు రుజువుగా పనికిరాదు. రెండవది జర్మనీ. అక్కడ 1888 నుంచి బంగారు వస్తువుల మీద ఒక వృత్తం లోపల కిరీటాన్ని, దాని పక్కన వెయ్యికి ఎన్ని పాళ్ల బంగారం ఉందో తెలిపే అంకెను వేస్తున్నారు. మీ ఉంగరం మీద కిరీటం చుట్టూ వృత్తం ఉంటే అమ్మేవారు చెప్పిన కాలం అసాధ్యం కాదు. అయితే 1888 నుంచి నేటి వరకు ఏ సంవత్సరమైనా కావచ్చు, ఎందుకంటే జర్మన్ ముద్రలో తయారైన ఏడాది తెలిపే అక్షరం ఉండదు.

బ్రిటిష్ ముద్రలో ఆ అక్షరం ఉంటుంది. 1998 వరకు అది తప్పనిసరి. దానితోపాటు పరీక్షించిన ఊరి గుర్తు, అంటే లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, ఎడిన్‌బరోకు కోట, తయారీదారు పొడి అక్షరాలు కూడా కనబడాలి. అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని, పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దంతో ఆ ముద్రను నింపాదిగా చూసి, కిరీటం చుట్టూ వృత్తం ఉందా, పక్కన మరేవైనా గుర్తులు అరిగిపోయి మిగిలాయా అని గమనించడం. ఇంకొక తేడా కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ తయారీదారుతో సంబంధం లేని అధికారిక కార్యాలయం లోహాన్ని పరీక్షించి ముద్ర వేస్తుంది. జర్మనీలోను, అమెరికాలోను ముద్ర తయారీదారు స్వయంగా వేసుకునేది. మొదటి రకం ముద్ర మూడో మనిషి సాక్ష్యం, రెండో రకం తయారీదారు ఇచ్చిన హామీ.

ముద్రలు తెలిసినవారికి అవి చాలా చెబుతాయి. ఫ్రాన్స్‌లో 1838 నుంచి పద్దెనిమిది క్యారెట్ల బంగారానికి గద్ద తల వేస్తున్నారు. అది ఎంత చిన్నదంటే, భూతద్దం లేకుండా చూసినవారు అది ఏదో గీత పడిందనుకుంటారు. బ్రిటన్‌లో పదిహేను క్యారెట్ల ప్రమాణం 1854లో వచ్చి 1932లో రద్దయింది, కాబట్టి 15, .625 అనే అంకెలున్న నిజమైన బ్రిటిష్ నగ ఆ మధ్య కాలానిదే అయి ఉండాలి. అమెరికా నగల మీద ఇరవయ్యో వంతును సూచించే భిన్నం, దాని పక్కన 12 కె, జీఎఫ్ (గోల్డ్ ఫిల్డ్) అన్న అక్షరాలు కనిపిస్తే, నగ బరువులో ఇరవయ్యో వంతు మాత్రమే పన్నెండు క్యారెట్ల బంగారమని అర్థం. పన్నెండు క్యారెట్లంటే సగం కాబట్టి మేలిమి బంగారం మొత్తంలో నలభయ్యో వంతే. అది రోల్డ్ గోల్డ్ వంటిది. దాన్ని బంగారు నగ ధరకు కొనకూడదు.

ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా లోహాన్ని పరీక్షించవలసిందే, ఎందుకంటే ముద్రను కొట్టే ఉలిని ఎవరైనా తయారు చేసుకోగలరు. గీటురాయి మీద సన్నని గీత గీసి ఆమ్లంతో చూడడం పాత పద్ధతే అయినా నేటికీ పనికివస్తుంది. ఎక్స్‌రే కిరణాలతో లోహాన్ని చదివే యంత్రం నగకు ఏ హానీ చేయదు గాని, అది పైపొరను మాత్రమే చదువుతుంది. మందంగా పూత పూసిన నగ ఆ యంత్రాన్ని సులభంగా మోసగిస్తుంది. అందుకే ఉంగరంలో బాగా అరిగిన చోట ఒకసారి, టంకం వేసిన చోటికి దూరంగా మరొకసారి చదివించి రెండు ఫలితాలనూ పోల్చమని కోరండి. నీటిలో తూచి సాంద్రత కట్టే పద్ధతి రాళ్లు లేని గొలుసుకు, చేతి గాజుకు బాగుంటుంది. మేలిమి బంగారం సాంద్రత 19.3, పద్దెనిమిది క్యారెట్ల పసుపు బంగారానిది 15కు పైన, ఇత్తడిది 8.5 దరిదాపుల్లో ఉంటుంది. రాళ్లు పొదిగిన ఉంగరం విషయంలో ఆ లెక్క కుదరదు. అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి బంగారమేనని ఎవరైనా అంటే వినకండి. ఇత్తడి, రాగి, వెండి కూడా అంటుకోవు.

ఇక వయసు. పాత ఉంగరాన్ని చేతికి తీసుకోగానే నేను మొదట తిరగేసి వెనుక వైపు చూస్తాను. ముందు వైపును అందరూ చూస్తారని నకలు చేసేవారికి తెలుసు కాబట్టి వారి శ్రమంతా అక్కడే కనబడుతుంది. చేత్తో రంపపు తీగ పెట్టి కోసిన పాత పనిలో రాళ్ల వెనుక ఉన్న రంధ్రాల అంచులు శుభ్రంగా, పదునుగా, ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. మూసలో పోసి చేసిన నేటి నకలులో ఆ అంచులు మొద్దుబారి ఉంటాయి, చేయి అందని మూలల్లో సన్నని గుంటలు మిగులుతాయి. అరుగుదల కూడా తగిన చోటనే ఉండాలి. వేలి చుట్టూ తిరిగే పట్టీ అరచేతి వైపు సన్నబడాలి, రాయిని పట్టి ఉంచే గోళ్లు చివర్లలో పలచబడాలి. ఉంగరం అంతటా ఒకే తీరున గీతలు పడి, నల్లదనం సమానంగా పరుచుకుని ఉంటే అది కాలం చేసిన పని అయ్యే అవకాశం తక్కువ. అమ్మేవారి మాటలో "శైలి" అన్న పదం ఉందేమో కూడా గమనించండి. విక్టోరియా కాలపు నగ అంటే 1837కు, 1901కి మధ్య తయారైనది. విక్టోరియా శైలి నగ నిన్న తయారైనది కూడా కావచ్చు. అలా రాసినవారు అబద్ధం రాయలేదు, అయితే చదివేవారు ఆ పదాన్ని దాటిపోతారని వారికి తెలుసు.

రాళ్లే ఒక్కోసారి కాలాన్ని బయటపెడతాయి. టాంజనైట్ అనే నీలి ఊదా రంగు రాయి టాంజానియాలో 1967లో బయటపడింది. అది పొదిగిన విక్టోరియా కాలపు ఉంగరమంటే రాయి మార్చినదైనా అయి ఉండాలి, మొత్తం కొత్తదైనా అయి ఉండాలి. మీ ఉంగరంలోని చిన్న వజ్రాలు ఇక్కడ మీకు మంచి సాక్షులు. నేటి గుండ్రని వజ్రపు కోతకు ఆధారమైన కొలతలను మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ప్రచురించారు. అంతకు ముందటి కోతల్లో పైముఖం చిన్నదిగా, పైభాగం ఎత్తుగా ఉంటుంది, అడుగున కొన తీసేసిన చోటు పైనుంచి చూస్తే చిన్న వలయంలా కనిపిస్తుంది. అడుగు చదునుగా ఉండి పైన మొగ్గలా ముఖాలు తేలిన రోజ్ కోత వజ్రాలు కూడా ఆ కాలపు చిన్న నగల్లో తరచుగా ఉంటాయి. పది వజ్రాలూ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో, నేటి కోతలో ఉంటే వయసు మాటను నేను నమ్మను. తొమ్మిది పాతవై ఒకటి కొత్తదైతే మాత్రం కంగారు పడనక్కరలేదు, ఎప్పుడో ఊడిపోయిన రాయిని మార్పించి ఉంటారు. వజ్రమో కాదో చూసే చేతి పరికరాల్లో చాలావరకు వేడి ఎంత త్వరగా పాకుతుందో కొలుస్తాయి. 1990ల చివరి నుంచి నగల్లోకి వచ్చిన, వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే రాయి ఆ పరీక్షలో నెగ్గుతుంది కాబట్టి, విద్యుత్తును కూడా పరీక్షించే పరికరంతో చూపించండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది మధ్యలో ఉన్న ఎర్ర రాయిని. ఎర్రగా ఉన్న ప్రతి రాయినీ కెంపు అనడం చాలా పాత అలవాటు. బ్రిటిష్ రాజకిరీటంలో ముందు భాగాన ఉన్న బ్లాక్ ప్రిన్స్ రూబీ నిజానికి కెంపు కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. ఈ రెండూ వేర్వేరని ఫ్రెంచి ఖనిజ శాస్త్రవేత్త రోమే ద లీల్ 1783లో తేల్చేవరకు యూరప్ రాజుల ఖజానాల్లో కూడా ఆ తేడా తెలియలేదు. కాబట్టి మీకు అమ్ముతున్నవారు నిజాయితీపరులే కావచ్చు, మూడు తరాలుగా ఆ కుటుంబమంతా మనస్ఫూర్తిగా కెంపని నమ్మి ఉండవచ్చు. అయినా ఆ నమ్మకం రాయి స్వభావాన్ని మార్చదు. స్పినెల్, గార్నెట్ అనే మరో రకం ఎర్ర రాయి, గాజు, కెంపు అన్నవాటిని కాంతి వంగే తీరును బట్టి వేరు చేయడం శిక్షణ ఉన్నవారికి కష్టం కాదు. కెంపు వక్రీభవన సూచిక 1.76 నుంచి 1.77 మధ్య, స్పినెల్‌ది 1.72 దరిదాపుల్లో ఉంటుంది. గార్నెట్లలో కొన్ని కెంపుకు దగ్గరగా వచ్చినా, కెంపులో కాంతి రెండుగా చీలుతుంది, గార్నెట్‌లో చీలదు.

అసలు చిక్కు ప్రయోగశాలలో పెంచిన కెంపుతో వస్తుంది, ఎందుకంటే రసాయనికంగా అది కూడా కెంపే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నుయీ మంటలో పొడిని కరిగించి కెంపును పెంచే పద్ధతిని 1902లో ప్రకటించారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లోనే అటువంటి రాళ్లు నగల్లోకి పెద్ద సంఖ్యలో వచ్చాయి. అంతకు ముందే 1880ల మధ్యలో జెనీవా కెంపులనే పేరుతో కరిగించి చేసిన రాళ్లు సహజమైనవిగా అమ్ముడయ్యాయి. అందుచేత ఉంగరం నిజంగా 1900 ప్రాంతానిదే అని తేలినా, రాయి సహజమైనదని తేలినట్టు కాదు. మంటలో పెంచిన రాయిలో గ్రామఫోన్ రికార్డు మీద చాళ్లలా వంపు తిరిగిన సన్నని గీతలు, గుండ్రని గాలి బుడగలు కనిపిస్తాయి. సహజమైన కెంపులో పెరుగుదల గీతలు వంపు లేకుండా తిన్నగా, కోణాలుగా ఉంటాయి. ఒకదానినొకటి అరవై డిగ్రీల కోణంలో కోసుకుంటూ పట్టుదారాల్లాంటి సూదులు, చిన్న స్ఫటికాలు ఉంటాయి. ఒక్క మచ్చా లేని పెద్ద కెంపును తక్కువ ధరకు చూపిస్తే నాకు ముందు అనుమానమే కలుగుతుంది. అతినీల లోహిత దీపం కింద ఎర్రగా వెలిగింది కాబట్టి అసలైనదని కొందరు చూపిస్తారు. పెంచిన కెంపు ఇంకా ప్రకాశంగా వెలుగుతుంది.

రాయి వెనుక వైపు మూసేసిన అమరిక అయితే మరింత జాగ్రత్త కావాలి. కిందటి శతాబ్దాల్లో రంగు పెంచడానికి రాయి కింద రంగు రేకును పెట్టడం మామూలు పనితనమే, అందులో మోసమేమీ లేదు. కాని ఆ చాటున, రెండు పొరలను అతికించి చేసిన అతుకు రాయి కూడా దాక్కోగలదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో వెనుక మూసి ఉన్న ఒక పచ్చ ఉంగరాన్ని, పైభాగంలో సహజమైన ఖనిజపు జాడలు కనిపించాయన్న ధీమాతో కొన్నాను. అమ్మిన వ్యాపారి నాకు బాగా తెలిసినవాడు, నేను భూతద్దాన్ని పక్కనుంచి పెట్టి రాయి నడుము చుట్టూ చూడలేదు. కొన్ని నెలల తరువాత గోరు బాగు చేయించడానికి రాయిని తీయించి తెల్ల కాగితం మీద తలకిందులుగా పెట్టినప్పుడు అంచు చుట్టూ ఎర్రని వలయం కనిపించింది. పైన పలచని గార్నెట్ పొర, కింద ఆకుపచ్చ గాజు. ఈ రకం అతుకు రాళ్లు పంతొమ్మిదో శతాబ్దపు మధ్య కాలం నుంచి విరివిగా తయారయ్యాయి. నేను చూసిన జాడలు నిజమైనవే, అవి గార్నెట్‌వి. ఆ రోజు నుంచి మూసిన అమరికలోని రాయికి నేను పక్కనుంచి చూడకుండా ధర చెప్పలేదు.

మీ రాయి సహజమైన కెంపే అని తేలినా మరొక ప్రశ్న మిగులుతుంది. 2000 తరువాతి ఏళ్లలో, పగుళ్లు నిండిన నాసి కెంపుల్లోకి సీసం కలిసిన గాజును నింపి మెరిపించడం విస్తృతమైంది. పక్కకు వంచి చూస్తే పగుళ్ల వెంట నీలి మెరుపు, చదునైన బుడగలు కనిపిస్తాయి. అటువంటి రాయి పాత ఉంగరంలో ఉంటే అది మార్చిన రాయే. స్వర్ణకారుడి మంట తగిలినా, ఆమ్లం తగిలినా అది పాడైపోతుంది.

ఇక్కడ ఒక మాట నా అభిప్రాయంగా చెప్పాలి. రాయి మంటలో పెంచినదని తేలగానే ఉంగరాన్ని నకిలీ అని విసిరికొట్టకండి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పెంచిన కెంపు కొత్తదనమున్న వస్తువు, మంచి పనివారు మంచి బంగారంలో, నిజమైన వజ్రాల పక్కన వాటిని కొలత ప్రకారం కోసి పొదిగారు. ఆ రాయి ఆ ఉంగరంతో పాటే పుట్టినదైతే, దాన్ని తీసి సహజమైన కెంపు పెట్టించడం నా దృష్టిలో ఆ నగకు అన్యాయం చేయడమే. పనితనం కోసం, కాలం కోసం దాన్ని కొనవచ్చు. సహజ కెంపు ధర మాత్రం ఇవ్వకూడదు.

ధర విషయానికి వస్తే, అడుగు నుంచి పైకి లెక్క కట్టండి. క్యారెట్ అనే ఒకే మాటను బంగారం వన్నెకు, రాయి బరువుకు కూడా వాడతారు కాబట్టి ఈ రెండింటినీ కలపకండి. రాయి బరువులో ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. ఉదాహరణకు ఉంగరం మొత్తం 5.2 గ్రాములు తూగి, రాళ్లన్నీ కలిసి ఒక క్యారెట్ ఉంటాయనుకుంటే బంగారం 5 గ్రాములు. అందులో ముప్పావు వంతు, అంటే 3.75 గ్రాములు మేలిమి. మీరు కొనే నాటి మార్కెట్లో అంత బంగారానికి వచ్చే విలువ మీ లెక్కకు పునాది. దాని మీద పనితనానికి, కాలానికి, వజ్రాలకు మీకు సమంజసమనిపించినంత చేర్చండి. కెంపుకు మాత్రం పరీక్షశాల రాసిచ్చేవరకు ఏమీ చేర్చకండి. బీమా కోసం రాయించిన విలువ పత్రాన్ని ఎవరైనా చూపిస్తే, అది అటువంటి నగను కొత్తగా సమకూర్చుకోవడానికి అయ్యే ఖర్చని గుర్తుంచుకోండి. అమ్మకంలో వచ్చే ధర సాధారణంగా దానికి చాలా దిగువన ఉంటుంది.

నివేదిక ఎవరిదన్నది కూడా ముఖ్యమే. 1931లో అమెరికాలో స్థాపితమైన జీఐఏ, స్విట్జర్లాండ్‌లోని గ్యూబెలిన్, ఎస్‌ఎస్‌ఈఎఫ్ వంటి, అమ్మకంతో సంబంధం లేని పరీక్షశాలలు రాయి సహజమైనదా, వేడి చేసినదా, ఏమైనా నింపినదా అన్నది రాసిస్తాయి. అమ్మేవారే ఇచ్చే ధ్రువపత్రానికి వారి మాటకున్న విలువే ఉంటుంది. నివేదిక రావడానికి వారం సరిపోకపోవచ్చు, అందుకని గడువు గురించి స్పష్టంగా మాట్లాడండి. రాయి సహజమైన కెంపని స్వతంత్ర పరీక్షశాల చెబితే ఫలానా ధర, చెప్పకపోతే ఫలానా ధర లేదా పూర్తి సొమ్ము వాపసు అని కాగితం మీద రాయించుకుని, లోహం వన్నె, బరువు, రాళ్ల పేర్లు, చెప్పిన కాలం అన్నీ రసీదులో నమోదు చేయించండి. తాము చెప్పిన మాటను నమ్మేవారు దాన్ని రాసివ్వడానికి వెనుకాడరు. రాయడానికి ఒప్పుకోకుండా గడువును మాత్రమే గుర్తు చేస్తుంటే, ఉంగరం ఎంత అందంగా ఉన్నా వదిలేయమనే నేను చెబుతాను.

పెద్దది చేయించడం గురించి మీరు అడిగినదానికి సమాధానం ఈ నివేదికతోనే ముడిపడి ఉంది. కెంపు వేడికి తట్టుకునే రాయే గాని, పగుళ్లలో గాజు నింపి ఉంటే తట్టుకోదు. కాబట్టి రాయి సంగతి తేలేవరకు ఉంగరాన్ని మంట దగ్గరకు పోనివ్వకండి, అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగించకండి. తేలిన తరువాత ముందు అరిగిన గోళ్లను బలపరిపించి, ఆపై పట్టీని కోయించండి. కోయించే ముందు ముద్రలన్నిటినీ దగ్గరనుంచి ఫొటో తీసి పెట్టుకుని, కోత వాటికి వీలైనంత దూరంగా వచ్చేలా స్వర్ణకారుడికి వేలు పెట్టి చూపించండి. అరిగిన పట్టీని మెరుగు పెడతానంటే ఆ ముద్రల మీద మాత్రం వద్దనండి.